ఒకే కథను కంటికి, చెవికి, వేలికొసకు అందించడం

చూపు లేనివారికీ వినికిడి లేనివారికీ తమ కథ అందాలని కోరుకునే రచయితలు, చిన్న పత్రికల సంపాదకులు సాధారణంగా ఆడియో రికార్డింగుతో పని మొదలుపెడతారు. నిజానికి మొదట సరిచూసుకోవలసింది మూలప్రతిని. అది యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ తనదైన సంకేతం ఉండే కంప్యూటర్ పద్ధతిలో) ఉంటే మిగిలిన రూపాలన్నీ దానినుంచే తయారవుతాయి. ‘అను’ అనే పేరున్న, యూనికోడ్ కాని ఫాంట్లలో డీటీపీ చేయించిన పాత ఫైలయితే, తెర మీద తెలుగే కనిపిస్తున్నా లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు కాబట్టి, స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దానిని అర్థం లేని శబ్దాలుగా చదువుతుంది. అలాంటి ఫైలును ముందు యూనికోడ్‌లోకి మార్పించి, మార్పిడిలో చెదిరిన వత్తులనూ గుణింతాలనూ ప్రూఫు చూసి దిద్దుకోవాలి.

పూల చిత్రం మీద కవితను పరిచి వాట్సాప్‌లో బొమ్మగా పంపడం మనకు బాగా అలవాటైపోయింది. బొమ్మ పంపవద్దని అనను గాని, బొమ్మలోని అక్షరాలు సాధారణంగా స్క్రీన్ రీడర్‌కు అందవు కాబట్టి దాని కింద అదే కవితను టైపు చేసి జతచేయండి. కథలో భాగాలను విడదీయడానికి పెట్టే నక్షత్ర గుర్తుల స్థానంలో అంకెనో ఉపశీర్షికనో వాడండి. లేకపోతే కన్నీటి సన్నివేశం ముగిసీ ముగియగానే ‘స్టార్ స్టార్ స్టార్’ అని వినబడే అవకాశం ఉంది.

కథకు వేసిన బొమ్మకు వర్ణన రాయడం అన్నిటికన్నా ఎక్కువ నేర్పు కోరే పని. ‘ముసలమ్మ బొమ్మ’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘అరుగు మీద కూర్చున్న ముసలమ్మ; ఒళ్లో విప్పని ఉత్తరం; చూపు వీధి మలుపు వైపు’ అని రాస్తే, బొమ్మ చూసిన పాఠకుడు ఊహించుకున్నదంతా విన్న పాఠకుడు కూడా ఊహించుకోగలడు. ‘ఆమె కొడుకు కోసం దిగులుగా ఎదురుచూస్తోంది’ అని రాయకండి, ఆ సంగతి కథ చెప్పాలి. అంచులకు వేసే ముగ్గులకు, తీగలకు వర్ణన అవసరం లేదు.

ఆడియోకు కథలోని మాండలికం సహజంగా పలికే గొంతును ఎంచుకోవాలి. శ్రీకాకుళం సంభాషణను రేడియో వార్తల ధోరణిలో చదివితే కథ సగం పోతుంది. బ్రెయిలీ విషయంలో, మన భాషలకు వాడే భారతి బ్రెయిలీలో గుణింతపు గుర్తు హల్లు తరువాత విడి గడిలో (ఒక అక్షరానికి పట్టే చుక్కల చోటులో) వస్తుంది, సంయుక్తాక్షరంలో హలంతాన్ని (అచ్చు లేని హల్లును) సూచించే చుక్క హల్లుకు ముందు వస్తుంది. ఈ మార్పిడిని సాఫ్ట్‌వేర్ చేసినా, ముద్రణకు ముందు బ్రెయిలీ చదవగలిగినవారి చేత ఒకసారి చదివించండి. దళసరి కాగితం వల్ల పుస్తకం చాలా లావవుతుంది కనుక పెద్ద సంపుటిని భాగాలుగా విడదీయడం మేలు.

కథను వీడియోగా తీస్తే సబ్‌టైటిళ్లలో మాటలతో పాటు ‘దూరంగా రైలు కూత’ వంటి, కథకు పనికివచ్చే శబ్దాలను కూడా రాయాలి. భారతీయ సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉంది. తెలుగు వాక్యాన్ని మాట వెంట మాటగా సైగలలోకి దింపితే అది ఆ భాష కాదు. అందువల్ల సైగలు చేసేవారికి కథను ముందుగానే ఇచ్చి, వారు దానిని తమ పద్ధతిలో మలుచుకునేందుకు వ్యవధి ఇవ్వండి. చేతులూ ముఖమూ స్పష్టంగా కనిపించేలా వెనుక సాదా తెర ఉంటే చాలు.

ఇతరుల రచనల విషయానికి వస్తే, 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, వికలాంగుల ఉపయోగం కోసం లాభాపేక్ష లేకుండా రచనను అందుబాటు రూపంలోకి మార్చడానికి అనుమతిస్తుంది. అయితే ఆ ప్రతిని అందరికీ తెరిచి పెట్టే వీలు అందులో లేదు. రచయిత అందుబాటులో ఉంటే ఒక మాట చెప్పడం మర్యాద.

విడుదలకు ముందు స్క్రీన్ రీడర్ వాడేవారికి ఒకరికి, వినికిడి లేనివారికి ఒకరికి చూపించి, ఎక్కడ ఆగిపోయారో అడిగి దిద్దుకోండి. ప్రూఫ్ రీడరుకు ఇచ్చినట్టే వారికీ పారితోషికం ఇవ్వండి.