టాన్సిల్స్ తీయించాక పిల్లలకి ఏం పెట్టాలి

ముందు తిండి కాదు, నీళ్లు చూసుకోండి. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, ఆ భయంతో పిల్లలు ఇంకా తాగరు. మా బాబుకి చెంచాతో గుక్క గుక్కగా పట్టేదాన్ని. మూత్రం తక్కువగా, ముదురు పసుపులో వస్తోందంటే నీళ్లు చాలట్లేదని అర్థం. డాక్టరు రాసిన నొప్పి మందు వేసిన అరగంటకి తినిపిస్తే మింగడం తేలిక.

మా విజయనగరంలో అలవాటైన చోడి (రాగి) అంబలే వాడికి బాగా దిగింది. చోడి పిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, సన్నసెగ మీద తిప్పుతూ ఉడికించాలి. గరిటె ఎత్తితే ధారగా జారాలి. బాగా చల్లారాక పులవని మజ్జిగ, చిటికెడు ఉప్పు వేయండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మాత్రం వద్దు. మెత్తటి పెరుగన్నం, పాలల్లో నానిన ఇడ్లీ కూడా పెట్టొచ్చు. ఐస్‌క్రీమ్ అంటే పెద్దవాళ్లు జలుబు చేస్తుందని టెన్షన్ పడతారు గానీ, ఆ చల్లదనం గొంతుకి హాయి. ఎర్ర రంగువి కొనకండి, ఉమ్మితే రక్తమో రంగో తెలీదు.

జంతికలు, ఆవకాయ, నిమ్మరసం రెండు వారాలు దూరం పెట్టండి.

మూడు నాలుగు రోజులకి నొప్పి ఎక్కువవ్వొచ్చు, చెవిపోటూ రావచ్చు. గొంతులో తెల్లపొర మామూలే. అది ఊడే 5-10 రోజుల మధ్య రక్తస్రావం కావచ్చు. నోట్లోంచి ఎర్రటి రక్తం వస్తే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.