పాత ఇంటికి స్ప్లిట్ ఏసీ ఎంచుకోవడం ఎలా?

పెంకుటిల్లు గానీ, టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ మిద్దె గానీ ఉన్నవారు కొత్త ఫ్లాట్ల లెక్క ప్రకారం ఏసీ కొంటే డబ్బు వృథా అవుతుంది. షాపుకు వెళ్లే ముందు ఇంటినే పరిశీలించాలి.

మొదట పైకప్పు చూడండి. పెంకుల సందుల గుండా చల్లగాలి పోతూ ఉంటే ఎంత పెద్ద ఏసీ అయినా గదిని చల్లబరచలేదు కనుక, పెంకుటింట్లో ముందుగా ఫాల్స్ సీలింగ్ వేయించుకోవడం తప్పనిసరి. మిద్దె ఇంట్లోనైతే గోడ పైభాగంలోని వెంటిలేటర్లకు గాజు బిగించి, తలుపుల కింది సందులు మూయిస్తే చాలు.

తర్వాత టన్నులు, అంటే ఏసీకి ఉండాల్సిన చల్లబరిచే సామర్థ్యం, లెక్కించండి. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిలో కప్పు 10 అడుగుల ఎత్తున ఉంటే 1,440 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పాత ఇళ్లలోలాగా 14 అడుగులుంటే అది 2,016 అవుతుంది. మొదటి గదికి 1 టన్ను సరిపోయినా, రెండోదానికి, ముఖ్యంగా పైన ఎండ నేరుగా పడుతుంటే, 1.5 టన్ను తీసుకోవడం మంచిది. అంతకు మించి పెద్దది కొనకండి, ఎందుకంటే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంటే గాలిలోని తేమ అలాగే మిగిలి, కోస్తా ఊళ్లలో జిడ్డుగా, ఉక్కగా అనిపిస్తుంది. కంప్రెసర్ ఆగిపోకుండా వేగాన్ని తగ్గించుకుంటూ నడిచే ఇన్వర్టర్ రకం ఏసీ ఇక్కడ మేలు. స్టార్ లేబుల్ మీద ఉండే వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు నక్షత్రాలకన్నా ఆ అంకెనే చూడండి.

అసలు జాగ్రత్త వైరింగ్ విషయంలో కావాలి. చెక్క పట్టీల మీద సాగిన పాత తీగలకు, ఎర్తింగ్ లేని ప్లగ్గులకు ఏసీని తగిలించడం ప్రమాదకరం. మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా లైను లాగించి, దానికి సొంత ఎంసీబీ (లోడ్ మించితే కరెంటును తనంతట తానే ఆపేసే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ పెట్టించండి. మీటరుకు మంజూరైన లోడ్ ఎంతో కరెంటు బిల్లులో ఉంటుంది. అది తక్కువైతే విద్యుత్ పంపిణీ సంస్థకు అదనపు లోడ్ కోసం దరఖాస్తు చేసుకోవాలి. అందరూ ఏసీలు వేసే రాత్రి వేళ వోల్టేజీ కొలిపించి, అవసరమైతేనే స్టెబిలైజర్ కొనండి.

ఇక గోడ. ఏసీ పైపుల కోసం సున్నం గోడకు సుత్తి, ఉలితో కన్నం కొడితే చుట్టూ ఇటుకలు కదులుతాయి కాబట్టి గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషన్‌తోనే, దూలం ఆనిన చోటుకు దూరంగా, నీరు బయటికి జారేలా కొంచెం వాలుగా చేయించండి. అవుట్‌డోర్ యూనిట్‌ను పాత పిట్టగోడకు వేలాడదీయకుండా పెరట్లో స్టాండు మీద నిలపడం క్షేమం. అందుకు రాగి పైపు ఎంత పొడవు పడుతుందో, కంపెనీ ఎంతవరకు అనుమతిస్తుందో ముందే అడగండి. సముద్రానికి దగ్గరలోనైతే ఉప్పుగాలికి తట్టుకునే పూత ఉన్న మోడల్ అవసరం.

బిగించే రోజున మెకానిక్ పైపుల్లోని గాలిని గ్యాస్‌తో బయటికి నెట్టేసి సరిపెట్టకుండా, వాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగించేలా చూసుకోండి, ఎందుకంటే లోపల తేమ మిగిలితే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది.