మొదటి ఎనిమిది నిమిషాలు సౌండ్ లేకుండా చూడండి

పాత్రలు ఎక్కువున్న సినిమా పెడితే అరగంటకల్లా "ఇతనెవరు, ఆయనకేమవుతాడు" అని వెనక్కి తిప్పుకోవడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఇలా చేస్తున్నాను, ఆ బాధ చాలావరకు తప్పింది.

మొదటి 8 నిమిషాలు మామూలుగా చూసి ఆపండి. మళ్లీ మొదటికెళ్లి సౌండ్, సబ్‌టైటిల్స్ రెండూ తీసేసి అంతసేపే చూడండి. కాగితం మీద మూడే రాయండి: ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, వెలుగు ఎవరి మీద పడుతోంది.

1972 నాటి 'ది గాడ్‌ఫాదర్'తో మొదలుపెట్టండి. చీకట్లో ఒక మనిషి ముఖం. కెమెరా చాలా మెల్లగా జూమ్ అవుట్ అవుతుంటే ఎదురుగా కూర్చున్న డాన్ వీపు, చెయ్యి కనిపిస్తాయి. ఆ మనిషికి ఏడుపొస్తే డాన్ చెయ్యి కాస్త కదులుతుంది, వెంటనే గ్లాసు వస్తుంది. ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి ఆ చెయ్యి చాలు! డాన్ ఒళ్లో పిల్లి. చివరికి వచ్చినాయన వంగి డాన్ చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు. తలుపు అవతల మాత్రం ఎండలో డాన్ కూతురి పెళ్లి. ఆ చీకటి, ఈ ఎండ పక్కపక్కనే రాసుకోండి.

మాటల మీద నడిచే కామెడీలకు ఇది పనికిరాదు. కలతోనో ఫ్లాష్‌బ్యాక్‌తోనో మొదలైతే, అది అయిపోయాక వచ్చే 8 నిమిషాలు తీసుకోండి.