సొంతంగా వాటర్ కూలింగ్ – 2వ పాఠం: కొనేముందు కాగితం మీద

పోయిన పాఠంలో కంప్యూటర్ చిప్పులను నీళ్లతో చల్లబరిచే సామాను, అంటే బ్లాకు (చిప్‌కు ఆని వేడి లాగేది), పంపు, రిజర్వాయర్ (నీళ్ల తొట్టి), రేడియేటర్, ఫిట్టింగ్ (ట్యూబును బిగించే ముక్క) ఏవేం పని చేస్తాయో చూశాం. ఈ పాఠానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు. పెన్సిలు, గళ్ల నోటుపుస్తకం, కొలిచే టేపు, పాత అట్టపెట్టె ఒకటి ఉంటే చాలు. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కార్ట్ నింపేసినవాళ్లు దాన్ని అలాగే ఉంచండి. ఈ లెక్క పూర్తయ్యాక అందులో చాలా మారతాయి.

ముందు గది, తర్వాతే కంప్యూటర్

రేడియేటర్ తన వేడిని గదిలో గాలికి ఇస్తుంది. అంతకు మించి దానికేమీ చేతకాదు. కాబట్టి లూప్‌లో, అంటే ఈ భాగాలన్నిటి గుండా తిరిగే చుట్టులో, నీళ్లు గది కన్నా చల్లబడటం జరగని పని. ఏసీ గదిలో ట్యూబులకు చెమట పట్టి బోర్డు మీద కారుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు ఆ భయం ఇక్కడే వదిలేయొచ్చు. చిల్లర్ (నీళ్లను ఫ్రిజ్‌లా చల్లబరిచే యంత్రం) పెడితే తప్ప ఆ సమస్య రాదు.

అందుకే లెక్కంతా ‘తేడా’లో వేసుకుందాం. అంటే నీళ్లు గది కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయన్నది. చలిదేశాల్లో తీసిన వీడియోల్లో ‘నీళ్లు 32 డిగ్రీలే’ అని చూపిస్తే మురిసిపోకండి. వాళ్ల గది 20, 22 డిగ్రీలు ఉండొచ్చు. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ వేయని గది 38కి చేరడం వింతేమీ కాదు. అదే లూప్ ఇక్కడికొస్తే అదే తేడా ఈ 38 మీద కూర్చుంటుంది.

ఇప్పుడు వాట్లు. ఉదాహరణకు రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ తీసుకుందాం. ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పే టీడీపీ (చిప్ వదిలే వేడి లెక్క) 120 వాట్లు, కార్డుకు 320. పంపు తాగే కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది కాబట్టి దానికో 20 కలపండి. మొత్తం 460 వాట్లు. ఆటల్లో ప్రాసెసర్ 120 దాకా పోయే సందర్భాలు తక్కువే, కానీ ప్లాన్ వేసేటప్పుడు పై అంకెనే పట్టుకోవాలి.

రేడియేటర్ల విషయంలో చాలామంది వాడే ఉజ్జాయింపు ఒకటుంది. ఫ్యాన్లు మధ్యస్థ వేగంలో తిరుగుతుంటే 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి పట్టే గడి ఒక్కోటి 10 డిగ్రీల తేడాకు దాదాపు 100 వాట్లు వదిలిస్తుంది. 360 రేడియేటర్ అంటే అలాంటి గడులు మూడు. పై మెషీన్‌కు ఒక్క 360 పెడితే గడికి 153 వాట్లు పడతాయి, తేడా 15 డిగ్రీలు దాటుతుంది. గది 38 అయితే నీళ్లు 53. రెండు 360లు పెడితే గడికి 77 వాట్లే, తేడా 8 లోపు, నీళ్లు 46. ఏసీ వేసి గదిని 26 దగ్గర ఉంచితే ఇవే అంకెలు 41, 34 అవుతాయి.

53 డిగ్రీల నీళ్లతో మెషీన్ ఏమీ పేలిపోదు. అయితే పంపులకు, ట్యూబులకు సాధారణంగా పెట్టే హద్దు 60. ఫ్యాన్ల చప్పుడు పడక వేగం తగ్గించారా, దుమ్ము పట్టి గాలి సన్నగిల్లిందా, ఆ 53 మెల్లగా 60 వైపు జరుగుతుంది. అందుకే మన ఎండలకు ‘ఒక్క 360 చాలు’ అన్న సలహాను నేను ఒప్పుకోను. కార్డును కూడా లూప్‌లో కలిపేవాళ్లు రెండు పెట్టాల్సిందే.

140 ఫ్యాన్ల రేడియేటర్ అయితే ఒక్కో గడిని 1.36గా లెక్కేయండి. 420 ఒకటి ఉంటే 120 గడులు నాలుగు ఉన్నట్టే.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పేయాలి. వాటర్ కూలింగ్ వల్ల ఎక్కువ లాభపడేది గ్రాఫిక్స్ కార్డే. దాని చిప్ మీద మూత ఉండదు, బ్లాకు నేరుగా ఆనుతుంది. మంచి బ్లాకుతో కోర్ వేడి నీళ్ల కన్నా 10, 20 డిగ్రీలే ఎక్కువ ఉంటుంది. 7800ఎక్స్3డీలో కాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) పొర కోర్ల నెత్తిన కూర్చుంది, ఆ పైన మందపాటి లోహపు మూత. వేడి ఆ రెండూ దాటి రావాలి, కాబట్టి నీళ్లు ఎంత చల్లగా ఉన్నా ప్రాసెసర్ అంకె మరీ దిగిపోదు. 2024లో వచ్చిన 9800ఎక్స్3డీలో కాష్‌ను కోర్ల కిందకు మార్చారు కాబట్టి దాని పరిస్థితి కొంత నయం. ఒక్క ప్రాసెసర్ కోసమే ఇలా సొంతంగా కట్టే లూప్ అనుకుంటుంటే మంచి ఏఐఓ (అన్నీ బిగించి వచ్చే రెడీమేడ్ వాటర్ కూలర్) కొనుక్కుని మిగిలిన డబ్బు దాచుకోండి.

ఇంకొకటి. లూప్ పెట్టినంత మాత్రాన గది చల్లబడదు. ఆ 460 వాట్లూ గదిలోకే వస్తాయి. ఏసీ మీద ఆ భారం పడుతూనే ఉంటుంది.

అట్టముక్కతో కొలత

360 రేడియేటర్ పొడవు 360 కాదు. రెండు చివర్లా ఉండే ట్యాంకులతో కలిపి 390 నుంచి 400 మి.మీ. దాకా పోతుంది. సన్నరకం మందం 30, దానికి ఫ్యాన్ 25 కలిపితే 55. అట్టపెట్టెను 400 పొడవు, 125 వెడల్పు, 55 ఎత్తు ఉండే డబ్బాగా కోసి టేపు అంటించండి. కేబినెట్ పక్క అద్దం తీసి, దాన్ని పైకప్పుకు ఆనించి పట్టుకోండి. ఇప్పుడు కింద అంచు ఎక్కడికి వచ్చిందో చూడండి. మదర్‌బోర్డు పై అంచున ఉన్న వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం) హీట్‌సింక్‌కు తగులుతోందా? ర్యామ్ స్టిక్కుల తలకాయలను తాకుతోందా? ప్రాసెసర్ పవర్ కేబుల్ కనెక్టర్ పెట్టడానికి వేలు దూరుతోందా? తర్వాత డబ్బాను ముందుకీ వెనక్కీ జరపండి. పోర్టులుండే చివర ఫిట్టింగు, ట్యూబు వంపు కలిపి ఇంకో 50, 60 మి.మీ. ఖాళీ కావాలి. కేబినెట్ డబ్బా మీద ‘360 సపోర్ట్’ అని రాసినవాళ్లు ఈ చివరి ఖాళీ గురించి చెప్పరు.

రెండో రేడియేటర్‌కూ ఇదే పని చేయండి. లియన్ లీ ఓ11 డైనమిక్ లాంటి కేబినెట్లో పైన, కింద, పక్కన మూడుచోట్ల 360 పడుతుంది. అందుకే లూప్ కట్టేవాళ్లలో దానికంత పేరు. మామూలు కేబినెట్లో ముందువైపు పెట్టాలంటే కార్డు పొడవు అడ్డం రావొచ్చు. కార్డు చివరి నుంచి ముందు ఫ్యాన్ల దాకా కొలిచి పుస్తకంలో రాసుకోండి.

వరుస గురించి గొడవ వద్దు

ఏది ముందు, ఏది తర్వాత? పంపు నుంచి ప్రాసెసర్‌కా, రేడియేటర్‌కా? కొత్తవాళ్ల సమయం దీని మీదే ఎక్కువ పోతుంది. లెక్క చేసి చూద్దాం. నిమిషానికి 4 లీటర్లు పారితే సెకనుకు 67 గ్రాములు. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి. అంటే ఈ ప్రవాహం ఒక్క డిగ్రీ పెరగాలన్నా సెకనుకు 280 జౌళ్లు, అంటే 280 వాట్లు పడాలి. 320 వాట్ల కార్డు దాటాక నీళ్లు 1.1 డిగ్రీ పెరుగుతాయి. మొత్తం లూప్ చుట్టి వచ్చినా రెండు డిగ్రీల లోపే. కాబట్టి ట్యూబు ఎటు నుంచి ఎటు పొట్టిగా, నీటుగా పోతుందో అలా గీసేయండి.

పట్టుబట్టాల్సిన నియమం ఒక్కటే. రిజర్వాయర్ నుంచి నీళ్లు నేరుగా పంపులోకి, పైనుంచి కిందికి దిగాలి. పంపుకు ఆ నీళ్లే చలవ, ఆ నీళ్లే కందెన. పొడిగా తిరిగితే పాడవుతుంది. పంపు, రిజర్వాయర్ కలిసి వచ్చే కాంబో కొంటే ఈ చింతే లేదు. మొదటి లూప్‌కు డీ5 పంపు కాంబో తీసుకోండి. డీడీసీ అనే ఇంకో రకం పంపుకు నీళ్లను తోసే బలం ఎక్కువే, కానీ వేడీ ఎక్కువ, చప్పుడూ ఎక్కువ. డీ5 పూర్తి వేగంలో 20 వాట్లు దాటి లాగగలదు. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తీగ గుచ్చే హెడర్ మామూలుగా ఇచ్చేది 12 వాట్లే. అందుకని పంపు కరెంటు పవర్ సప్లై నుంచి వచ్చేలా, వేగం చెప్పే సన్న తీగ మాత్రమే హెడర్‌కు పోయేలా బొమ్మలో ఇప్పుడే గీసుకోండి.

నీళ్లు దింపే దారి

బొమ్మలో అన్నిటికన్నా కిందున్న చోటు వెతకండి. అక్కడ టీ ఫిట్టింగు (మూడు దారులది) ఒకటి, దానికి కుళాయిలా తిప్పే బాల్ వాల్వ్ ఒకటి. దీన్ని ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేస్తే ఏడాది తర్వాత కూలెంట్ (లూప్‌లో నింపే ద్రవం) మార్చే రోజున కార్డు నెత్తి మీద ట్యూబు ఊడదీస్తూ, కింద తువ్వాళ్లు పరుచుకుంటూ కూర్చోవాలి. వాల్వ్ తిప్పే పిడికి చెయ్యి అందాలి, దానికి తగిలించే ట్యూబు కేబినెట్ బయటికి రావాలి. నీళ్లు కిందికి దిగాలంటే పైన గాలి లోపలికి పోవాలి, కాబట్టి రిజర్వాయర్ మూత కూడా విప్పడానికి వీలైన చోటే ఉండాలి. ఆ మూత మీదుగానే నీళ్లు నింపుతాం.

ఇప్పుడు ఫిట్టింగుల లెక్క. బొమ్మ మీద వేలు పెట్టి నీళ్ల దారిలో పోతూ, ప్రతి పోర్టు దగ్గర ఒక గీత గీయండి. పంపు కాంబోకు రెండు, ప్రాసెసర్ బ్లాకుకు రెండు, కార్డు బ్లాకుకు రెండు, రెండు రేడియేటర్లకు నాలుగు. మొత్తం పది. టీ పెట్టిన చోట ఆ ట్యూబు రెండుగా తెగుతుంది కాబట్టి ఇంకో రెండు, వాల్వ్ చివర దింపుడు ట్యూబుకు ఒకటి. ట్యూబు గట్టిగా మడతపడే చోటల్లా 90 డిగ్రీల తిరిగే ఫిట్టింగు. చివరగా రెండు ఎక్కువే రాసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఏఐఓలు కావలసినన్ని దొరుకుతాయి గానీ ఫిట్టింగులకు ఎక్కువగా ఆన్‌లైనే దిక్కు. ఒక్కటి తక్కువైతే పార్సిల్ వచ్చేదాకా మెషీన్ విప్పి పరిచినట్టే ఉండిపోతుంది.

బ్లాకులు, రేడియేటర్ల పోర్టులన్నీ జీ1/4 మర తోనే వస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా పడుతుంది. ట్యూబు వైపు మాత్రం అలా కాదు. 10/16 ఫిట్టింగుకు 10/16 ట్యూబే. మొదటి అంకె మి.మీ.లలో లోపలి వ్యాసం, రెండోది బయటిది. 10/13 ట్యూబు దానికి పనికిరాదు. మొదటిసారికి మెత్తటి ట్యూబే వాడండి, అందులోనూ 10/16. గోడ మందం కాబట్టి వంచితే తొందరగా నొక్కుకుపోదు, బ్లేడుతో కోస్తే తెగుతుంది. పారదర్శకంగా మెరిసే పీవీసీ కొన్నాళ్లకు మసకబారుతుంది, దానిలోని మెత్తదనపు మందు నీళ్లలోకి దిగుతుంది. నల్ల ఈపీడీఎమ్ రబ్బరుకు ఆ పేచీ లేదు. ఫొటోకు అందంగా ఉండదు, అంతే.

లోహాల విషయం రెండు ముక్కల్లో. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒకే లూప్‌లో ఉండొచ్చు. అల్యూమినియం వీటితో కలవకూడదు, నీళ్లలో అది తినేసుకుపోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడే రేడియేటర్లలో చాలావరకు అల్యూమినియమే. పాత ఏఐఓ రేడియేటర్ కూడా సాధారణంగా అదే, దాన్ని ఇందులో వాడాలనుకోకండి.

ఇంటిపని

బొమ్మ పూర్తి చేసి పక్కన నాలుగు అంకెలు రాయండి: మే నెలలో మీ గది గరిష్ఠ వేడి, మొత్తం వాట్లు, మీ కేబినెట్లో పట్టే 120 గడుల సంఖ్య, ఫిట్టింగుల సంఖ్య. ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, కార్డు బయటికి తీసి దాని వెనకున్న స్టిక్కర్‌ను ఫొటో తీయండి. ‘4080’ అని తెలిస్తే సరిపోదు. ఒకే చిప్‌తో వచ్చే కార్డుల్లో ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కోలా ఉంటుంది, ఒకదాని బ్లాకు ఇంకోదానికి కూర్చోదు. మూడో పాఠంలో ఆ మోడల్ నంబరుతోనే బ్లాకు వెతుకుతాం. కార్డు విప్పితే వారంటీ ఏమవుతుందో అమ్మినవాళ్లను ఈలోపే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.