హోప్ ఐలాండ్ పడవ ఎక్కే ముందు

కోరింగ మడ అడవులు, కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఒకే రోజులో చూడాలనుకుంటే ముందుగా పోటుపాట్ల వేళలు కనుక్కోండి. పాటు సమయంలో పాయల్లో నీరు తీసి బురద బయటపడుతుంది, పడవ కదలదు. రేవుకు ముందురోజే ఫోన్ చేసి, ఎన్నింటికి బయలుదేరుతుందన్నది ఎలా ఉన్నా, ఎన్నింటికి తిరిగి చేరుస్తారో గట్టిగా అడగండి. దీవికి వెళ్లే అనుమతి ఉందో లేదో కూడా.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి తెలిసిందే. బకిల్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే అది వదులుగా ఉన్నట్టే. పిల్లలకు పిల్లల సైజే అడగండి. ఫొటో కోసం జాకెట్ విప్పే బావగారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆయన్ని పడవ మధ్యలో కూర్చోబెట్టండి.

మడచెట్ల శ్వాసవేర్లు బురదలోంచి మేకుల్లా పొడుచుకొస్తాయి. హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.

తాగునీరు, పులిహోర, టోపీ, వాడే మందులు వెంట ఉండాలి. దీవిలో దుకాణం దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఖాళీ సీసాలు మళ్లీ సంచిలోకే.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, గుంతలు కెలకకండి. తుపాను హెచ్చరిక ఉంటే, అడ్వాన్సు పోయినా సరే, ప్రయాణం మానుకోండి.