నాట్ ఇన్ రాస్తే లిస్టు ఖాళీగా వస్తోందా? నల్ పెట్టే తిప్పలు, పరిష్కారాలు

ఒక హాస్టల్లో జూన్ నెల మెస్ బిల్లు కట్టనివాళ్ల లిస్టు కావాలన్నారు. విద్యార్థులకో టేబుల్, చెల్లింపులకో టేబుల్ ఉన్నాయి. రెండో దాంట్లో లేని రోల్ నంబర్లు తీస్తే చాలు కదా అని, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఇలా క్వెరీ రాశాను:

సెలెక్ట్ రోల్_నం, పేరు ఫ్రమ్ విద్యార్థులు
వేర్ రోల్_నం నాట్ ఇన్
(సెలెక్ట్ రోల్_నం ఫ్రమ్ చెల్లింపులు వేర్ నెల = 'జూన్');

ఒక్క రికార్డూ రాలేదు, ఎర్రర్ కూడా రాలేదు. అందరూ కట్టేశారని వార్డెన్ గారికి చెప్పేశాను. మర్నాడు ఆయన బాకీల పుస్తకం తెచ్చి ముందు పెడితే గుండె జారిపోయింది. నల్‌తో (అంటే విలువే నమోదు కాని గడితో) వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. క్వెరీ ఆగిపోదు, తప్పు జవాబు నిశ్శబ్దంగా ఇచ్చేస్తుంది.

సమస్య: నాట్ ఇన్ రాస్తే ఏమీ రావడం లేదు

కారణం: చెల్లింపుల్లో ఒక రికార్డుకి రోల్ నంబర్ నల్. ఎవరో నేరుగా బ్యాంకులో డబ్బు వేశారు, ఎవరిదో తెలియక ఆఫీసులో ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఇప్పుడు 104 నంబరు విద్యార్థిని తీసుకోండి. లోపలి క్వెరీ 101, 102, నల్ ఇచ్చిందనుకుందాం. డేటాబేస్ దాన్ని ఇలా విడదీస్తుంది (నంబర్ల మధ్య ఉన్న గుర్తుకి ‘సమానం కాదు’ అని అర్థం):

104 <> 101 అండ్ 104 <> 102 అండ్ 104 <> నల్

మొదటి రెండూ నిజం. మూడోదానికి జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. నిజం అండ్ తెలియదు కలిస్తే తెలియదే. వేర్ దగ్గర నిజం అని తేలినవే లోపలికి వస్తాయి కాబట్టి 104 బయటే ఆగిపోయింది. 101, 102 ఎలాగూ అబద్ధం కింద పోతాయి. ఇక మిగిలేది ఎవరు?

నిదానంగా ఆలోచిస్తే డేటాబేస్ మాటలో న్యాయం ఉంది. ఆ పేరులేని డబ్బు 104దే అయ్యుండొచ్చు కదా. అందుకే ‘కట్టలేదు’ అని తేల్చి చెప్పలేకపోయింది.

పరిష్కారం: నాట్ ఇన్ బదులు నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి.

వేర్ నాట్ ఎగ్జిస్ట్స్
(సెలెక్ట్ 1 ఫ్రమ్ చెల్లింపులు చె
వేర్ చె.రోల్_నం = విద్యార్థులు.రోల్_నం అండ్ చె.నెల = 'జూన్')

ఇక్కడ నల్ రికార్డు ఎవరితోనూ జత కుదరక లోపలే రాలిపోతుంది, బయటి లెక్కని పాడుచేయదు. నాట్ ఇన్ వదలలేని పరిస్థితి ఉంటే లోపలి క్వెరీలో రోల్_నం ఈజ్ నాట్ నల్ చేర్చండి. లోపలి క్వెరీ తిరిగిచ్చే కాలమ్‌లో నల్ వచ్చే వీలుంటే నేనైతే నాట్ ఇన్ జోలికే పోను.

సమస్య: ‘కానివి’ అడిగితే కొన్ని తగ్గుతున్నాయి

ఊరు <> 'గుంటూరు' అని అడుగుతారు. గుంటూరు వాళ్లనీ, కానివాళ్లనీ కలిపితే మొత్తం కంటే తక్కువ వస్తుంది. ఊరు నమోదు కానివాళ్లు రెండు వైపులా లేరు. నాట్ తగిలించినా లాభం లేదు, ఎందుకంటే ‘తెలియదు’కి నాట్ పెడితే మళ్లీ ‘తెలియదు’ వస్తుంది. ఆర్ ఊరు ఈజ్ నల్ అని చేర్చండి. కొన్ని డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లలో వేరే దారి కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 నుంచీ ఊరు ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ 'గుంటూరు' అంటే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే <=> (నల్‌నీ పోల్చగల సమాన గుర్తు) వాడి ముందు నాట్ పెట్టాలి. కోయలెస్ (నల్ ఉన్నచోట మనం చెప్పిన విలువ ఇచ్చే ఫంక్షన్) చుట్టినా పని జరుగుతుంది, కానీ ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) సాధారణంగా ఉపయోగపడదు.

ఇలా జారిపోయేది తరచుగా వివరాలు సరిగ్గా నమోదు కానివాళ్లే. స్కాలర్‌షిప్ లాంటి లిస్టు తీసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఫోన్ = నల్ అని రాస్తే ఏమీ రాకపోవడం కూడా ఇదే జబ్బు. ఫోన్ ఈజ్ నల్ అనాలి. అయినా కొందరు రాకపోతే అక్కడ నల్ కాకుండా ఖాళీ స్ట్రింగ్ ఉందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండింటినీ వేరుగా చూస్తాయి. ఒరాకిల్ మాత్రం ఖాళీ స్ట్రింగ్‌ని నల్‌గానే తీసుకుంటుంది.

సమస్య: లెఫ్ట్ జాయిన్ రాసినా అందరూ రావడం లేదు

లెఫ్ట్ జాయిన్ అంటే జత దొరకకపోయినా మొదటి టేబుల్లోని అందరినీ తెచ్చేది. కింద వేర్‌లో చెల్లింపులు.నెల = 'జూన్' అని ఉందేమో చూడండి. జత దొరకని విద్యార్థికి ఆ నెల నల్‌గా వస్తుంది, వేర్ దాన్ని తోసేస్తుంది. ఆ షరతుని జాయిన్ పక్కనుండే ఆన్‌లోకి జరపండి.

సమస్య: సగటు, మొత్తం తేడాగా ఉన్నాయి

మార్కులు 60, 80, నల్ అయితే యావరేజ్ 70 వస్తుంది, నల్‌ని లెక్కలోకే తీసుకోదు. కౌంట్(*) 3 అంటుంది, కౌంట్(మార్కులు) 2 అంటుంది. పరీక్షకి రానివాళ్లకి సున్నా వేయాలా, పక్కన పెట్టాలా అన్నది అడిగినవాళ్లని కనుక్కుని తేల్చాలి, ఎవరినీ అడక్కుండా కోయలెస్(మార్కులు, 0) పెట్టేయకండి. సమ్ విషయం వేరు. రికార్డులే లేకపోతే అది సున్నా కాదు, నల్ ఇస్తుంది. 3000 లోంచి నల్ తీసేస్తే బాకీ కూడా నల్ అవుతుంది. అక్కడ కోయలెస్(సమ్(మొత్తం), 0) తప్పనిసరి.

సమస్య: చెక్ పెట్టినా తప్పుడు రికార్డులు చేరుతున్నాయి

చెక్(వయసు >= 18) అనే నిబంధన పెట్టారు, వయసు లేని రికార్డు దూరిపోయింది. వేర్ నిజాన్ని మాత్రమే రానిస్తుంది. చెక్ అబద్ధాన్ని మాత్రమే ఆపుతుంది, ‘తెలియదు’ని వదిలేస్తుంది. ఆ కాలమ్‌కి నాట్ నల్ కూడా పెట్టాలి. ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే యూనిక్ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ ఎన్ని నల్‌లైనా ఒప్పుకుంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. ఒక్కటే కావాలంటే పోస్ట్‌గ్రెస్ 15 నుంచి నల్స్ నాట్ డిస్టింక్ట్ అని రాయొచ్చు.

రిలేషనల్ మోడల్‌ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, 1990 నాటికి ఈ ఖాళీలను రెండుగా విడదీశారు. ఒకటి ఉంది కానీ తెలియదు, రెండోది అసలు వర్తించదు. ఎస్‌క్యూఎల్‌లో రెండింటికీ ఒకే నల్ ఉంది. ఫోన్ నంబర్ తెలియనివాళ్లూ, ఫోనే లేనివాళ్లూ ఒకే గడిలో కూర్చుంటారు. ఆ తేడా మీకు ముఖ్యమైతే దానికో కాలమ్ కేటాయించండి.

హాస్టల్ లిస్టు విషయానికొస్తే, క్వెరీ మార్చి వార్డెన్ గారికి ఈసారి రెండు లిస్టులు ఇచ్చాను. బాకీ ఉన్నవాళ్లది ఒకటి, రోల్ నంబర్ లేని చెల్లింపులది ఇంకొకటి. రెండో దాంట్లో ఉన్నది ఒక్కటే. బ్యాంకు స్లిప్పు తెప్పించి చూస్తే, ఆ డబ్బు మొదటి లిస్టులో ఉన్న అబ్బాయిదే.