మూడో అధ్యాయం దాటానిలా

మూడేళ్లు నా నవల మూడో అధ్యాయం దాటలేదు. రోజూ మొదటి పేజీ తెరిచి దాన్నే చెక్కుతూ కూర్చునేవాణ్ని. విసుగొచ్చి స్క్రీన్‌ప్లే మొదలుపెట్టాను. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. నాది 190 పేజీలు! ఎవరు చూస్తారు?

తిరగేస్తే తప్పు దొరికింది. ‘ఆమెకు తండ్రి మీద కోపం’ అని రాశాను. అది కెమెరాకి కనబడదుగా! కొట్టేసి, ‘ఫోన్ మోగింది. నాన్న. చూసి, బోర్లా పెట్టింది’ అని మార్చాను. కింద పేజీన్నర డైలాగ్ ఎగిరిపోయింది. అలా 126కి దిగింది.

నవలకి మాత్రం వేరే మందు: వెనక్కి చదవను. వాక్యం సగంలో ఆపి లేస్తాను, మర్నాడు అక్కణ్నుంచే అందుకుంటాను. ఇప్పుడు పంతొమ్మిదో అధ్యాయం నడుస్తోంది. మొదటిది ఇంకా బాలేదు, అది వేరే సంగతి.